కారు లోపలి రంగు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకీ, కార్లకీ 'వింటేజ్' హోదా ఇస్తారు. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్, వీటిలో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు.

ఆ నిబంధన చదివాక నాకొక సంగతి తట్టింది. ఆ జాబితాలో సీటు లేదు. డాష్‌బోర్డు లేదు, డోర్ ప్యాడ్ లేదు, స్టీరింగ్ చక్రం లేదు. ఇంజన్ని ఎవరూ ముట్టుకుని కూర్చోరు. మనుషులు కారుతో గడిపిన కాలమంతా లోపలే గడుపుతారు. చెమట, తలనూనె, చుట్ట నుసి, పెళ్లిళ్ల అక్షింతలు అన్నీ రాలేది అక్కడే. 'అసలు రూపం' అనే మాట మాత్రం ఆ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

ఇది నాకు ఊరికే పుట్టిన ఆసక్తి కాదు. రాజోలు వైపు ఒక ఊళ్లో 1960ల నాటి అంబాసిడర్ ఒకటి ఉంది. మా తాత దాన్ని ముప్పై ఏళ్లకి పైగా నడిపాడు. కారు మాది కాదు, ఊరి కామందు గారిది. ఇప్పుడు ఆయన మనవడు హైదరాబాదులో ఉంటూ దాన్ని బాగుచేయిస్తున్నాడు. పాత వస్తువుల గురించి రాస్తుంటానని తెలిసి నాకు ఫోన్ చేశాడు. "లోపల ఫ్యాక్టరీ రంగే వేయిద్దామండి. అసలు రంగేంటో మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో అడగండి," అన్నాడు.

అడిగాను. నాయనమ్మ చిలకపచ్చ అంది. కామందు గారి ఇంట్లో అందరూ మీగడ రంగంటున్నారు. నాకు చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం బూడిద రంగు. మూడూ నిజమేనని తర్వాత తేలింది. అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కారు కంటే కూడా వెనక్కి, నూలు బట్ట దాకా.

నూలుతో చేసిన తోలు

అమలాపురం దగ్గరి బెండమూర్లంక, యానాం పక్కన ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారానికి స్థావరాలు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పనిగట్టుకుని వచ్చి ఈ మూడింటినీ పట్టుకున్నాడంటే ఇక్కడి బట్టకున్న విలువ అర్థమవుతుంది. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషు నాలుక మీద 'మదపొల్లం'గా మారి, ఒక రకం నూలు గుడ్డకే పేరై ఇప్పటికీ బతికి ఉంది. తర్వాత లాంకషైర్ మిల్లులు లేచాయి. మన బట్ట వెళ్లే దారిలోనే వాళ్ల బట్ట ఇటు రావడం మొదలైంది. ఇంతవరకూ మనకి తెలిసిన కథే.

కథ అక్కడితో ఆగలేదు. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిసిన ద్రావణంలో ముంచి ఒక పేలుడు పదార్థం తయారుచేశాడు. పేరు నైట్రోసెల్యులోజ్. తుపాకి మందుగా వాడారు. దాన్నే ద్రావకాల్లో కరిగించి పలచగా పరిస్తే, ఆరాక గట్టి పొర అవుతుంది. ఆ పొరలో రంగు, కర్పూర తైలం కలిపి నూలు గుడ్డ మీద పూసి, తోలు గీతల్లాంటి అచ్చు ఒత్తితే చూడ్డానికి తోలులాగే ఉంటుంది. మాంచెస్టర్ పక్కనున్న హైడ్‌లో ఒక కంపెనీ ఇలా తయారుచేసి అమ్మిన సరుకు పేరే రెక్సిన్. మనం ఇవాళ ప్రతి కృత్రిమ తోలునీ రెక్సిన్ అనే అంటున్నాం. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరని చాలామందికి తెలియదు. అమెరికాలో డ్యూపాంట్ వాళ్లు అమ్మిన ఫాబ్రికాయిడ్ కూడా ఇలాంటిదే. అందులో మెత్తదనం కోసం ఆముదం కలిపేవారు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక తుపాకి మందు కర్మాగారాలకి పని తగ్గింది. డ్యూపాంట్ అదే నైట్రోసెల్యులోజ్‌తో 1923లో డ్యూకో అనే రంగు తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలం డ్యూకో వేశారు. అప్పటిదాకా ఒక కారుకి రంగువేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకోతో రోజుల్లోకి వచ్చేసింది. కార్లకి రకరకాల రంగులు రావడం అక్కడే ఊపందుకుంది. బయటి రంగుకి జతగా లోపలి రంగు ఉండాలన్న ఆలోచన కూడా అప్పుడే పెరిగింది. మన ఊళ్లలో బీరువాకి వేసినా, తలుపుకి వేసినా మెరిసే రంగుని 'డ్యూకో' అనడం ఆ కాలం నుంచి మిగిలిన మాటే.

అంటే ఆ నాటి కారులో డాష్‌బోర్డు మీది రంగూ నూలే, సీటు మీది తోలూ నూలే. ఒకప్పుడు నూలు బట్ట పంపిన డెల్టాకి, ఆ నూలు రంగై, తోలై, కారెక్కి తిరిగొచ్చింది. తర్వాత రెక్సిన్‌లో నైట్రోసెల్యులోజ్ పోయి పీవీసీ వచ్చింది. అడుగున గుడ్డ మాత్రం అలాగే ఉంది.

పంటు మీద కారు

కోనసీమలో కారు ఉండటం అంటే ఏమిటో ఇప్పుడు ఊహించడం కష్టం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలే ఇక్కడ రోడ్లు. రైలు 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చి గౌతమి ఒడ్డున ఆగింది. యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు కూడా పీకేశారు. మళ్లీ 2004లో గానీ రైలు రాలేదు, వచ్చినా ఏరు దాటలేదు. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో తెరిచారు. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వెళ్లాలంటే కారుని పంటు ఎక్కించాల్సిందే.

పంటు మీద అందరూ కారు దిగి, గాలికి నిలబడి గోదావరి చూసేవారట. మా తాత మాత్రం స్టీరింగ్ దగ్గరే కూర్చునేవాడు. పంటు ఊగినప్పుడు బ్రేకు మీద కాలు ఉండాలి కదా. ఉప్పుగాలి, ఎండ, తేమ ఏవైనా కారులో అందరికంటే ఎక్కువ పడింది ఆ కుడివైపు సీటు మీదే.

ఆ కారు లోపల ఎవరు ఎక్కడ కూర్చునేవారో సీట్లే చెబుతాయి. వెనక ఎడమవైపు కామందు గారు. ఆయన వెనక తెల్ల టర్కీ టవలు పరిచి ఉండేది. పెద్ద ఆఫీసర్ల కార్లలోనూ ఉండేది ఆ టవలు. అది దర్జా కోసమని అందరూ అనుకుంటాం గానీ, కోనసీమలో దానికి ఇంకో పని ఉంది, కొబ్బరినూనె పట్టిన తలల నుంచి రెక్సిన్‌ని కాపాడటం. టవలు పరిచిన చోట రంగు నిలిచింది. పరచని చోట, అంటే ముందు సీటులో తల ఆనే చోట, నల్లగా గుండ్రటి మరక పడింది. ఆ మరక మా తాతది.

సీటు విప్పితే లోపల స్ప్రింగుల మీద కొబ్బరి పీచు. పీచుని తాడులా మెలిపెట్టి ఉంచి, విప్పి, ఆ వంకీలు పోకుండా రబ్బరు పాలు చల్లి ఉడికిస్తే సాగే పరుపు అవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సీట్లలో కూడా కొబ్బరి పీచు ఉండేది. 1990ల్లో బ్రెజిల్‌లో డైమ్లర్ బెంజ్ వాళ్లు అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి పీచుతో సీట్లు, తల ఆన్చే దిండ్లు చేయించారు. అంబాజీపేట మార్కెట్ చుట్టూ బతికే మనకి ఇది చదివితే గర్వంగానే ఉంటుంది గానీ, పీచు కొట్టిన ఆడవాళ్లు ఎంతమంది కారు సీటు మీద కూర్చుని ఉంటారు అన్న ప్రశ్న కూడా పక్కనే వస్తుంది.

పొరలు

అసలు రంగు వెతకడం పాత గోడ మీద సున్నం గీకడం లాంటిది. ఎండ తగలని చోటు వెతకాలి. డోర్ ప్యాడ్ విప్పితే, అంచు లోపలికి మడిచి అతికించిన గుడ్డ ఉంటుంది. వెనక సీటు దిండు ఎత్తితే కింద ఒక పట్టీ దొరుకుతుంది. గ్లవ్ బాక్స్ లోపలి గోడ, అద్దం బిగించిన రబ్బరు కింది రేకు, ఇవన్నీ చూడాలి. ఈ కారులో మడత కింద దొరికింది లేత ఆకుపచ్చ. చిలకపచ్చ కాదు గానీ దానికి దూరమూ కాదు. నాయనమ్మ మాటే మొదటి పొర.

డాష్‌బోర్డు లోహపు రేకు. ఎవరికీ కనబడని మూల ఒకచోట నీళ్ల కాగితంతో గుండ్రంగా, మెల్లగా రుద్దితే పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా బయటపడతాయి. చిత్రాలు పరిరక్షించేవాళ్లు పాత పటాల మీద చేసే పరీక్ష కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. నడిమధ్యన రేకు, దాని చుట్టూ ఆకుపచ్చ, ఆపైన మీగడ రంగు, అన్నిటికంటే బయట బూడిద. మీగడ రంగు ఆ ఇంటి పెద్దమ్మాయి పెళ్లికి వేయించారట. బూడిద రంగు 1996 నవంబరు తుఫాను తర్వాతది. నవంబరు 6 రాత్రి ఆ తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ కారులోకి నీళ్లు వచ్చాయి. కార్పెట్ కింద సన్నటి ఒండ్రు ఇంకా ఉంది, వేలితో రాస్తే వస్తుంది. తోటలు పోయిన ఏడాది ఇంటికి రంగులేయించలేని వాళ్లు, కారుకి ఉన్నంతలో చవకైన బూడిద రంగు కొట్టించారు.

అంటే మూడు జ్ఞాపకాలూ తప్పు కాదు. ఎవరు ఏ ఏళ్లలో ఆ కారుకి దగ్గరగా ఉన్నారో ఆ పొర వాళ్లకి గుర్తుంది.

ఇక రంగు వేయడం. అమలాపురంలో పెయింటరు మేస్త్రీ ఒకాయన పని మొదలుపెట్టిన రోజు నేనూ వెళ్లాను. ముందు సబ్బునీళ్లతో కడిగారు, తర్వాత స్పిరిట్‌తో తుడిచారు, మళ్లీ మళ్లీ తుడిచారు. "నూనె మీద రంగు నిలబడదండి. కొబ్బరినూనె అయితే ఫర్వాలేదు, తుడిస్తే పోద్ది. ఈ డాష్‌బోర్డు పాలిష్‌లు ఉన్నాయి చూశారూ, అవే చంపేస్తాయండి," అన్నారాయన. మెరుపు కోసం రాసే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది కొంచెం మిగిలినా రంగు చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది.

రెక్సిన్‌కి వాడేదాన్ని 'డై' అంటారు. నిజానికి అది అద్దకం కాదు. బండారులంక నేతగాళ్ల దగ్గర నూలుకి రంగు అద్దితే, రంగు పోగు లోపలికి దిగుతుంది. పోగు తెంపి చూసినా రంగే కనబడుతుంది. వినైల్ డైలో ఉండేవి రంగు పొడి, జిగురు, ఘాటైన ద్రావకం. ఆ ద్రావకం పీవీసీ పైపొరని ఒక్క క్షణం మెత్తబరుస్తుంది. రంగు ఆ మెత్తదనంలో కరుచుకుని ఆరిపోతుంది. అది పూత కంటే లోతు, అద్దకం కంటే పైపైన. అందుకే పలచగా, పొర మీద పొరగా చల్లాలి. మందంగా కొడితే రెక్సిన్ మీది తోలుగీతలు పూడిపోయి, గోడకి వేసిన రంగులా అవుతుంది.

రంగు కలపడం అసలు పరీక్ష. దుకాణంలో మిషన్ ఉంటుంది, మచ్చు చూపిస్తే పాళ్లు చెబుతుంది. కానీ మేస్త్రీ దాన్ని బయటికి తెచ్చి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూస్తారు. వేరువేరు పొడులతో కలిపిన రెండు ఆకుపచ్చలు ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించి, ఎండలోకి రాగానే విడిపోవచ్చు. ఇంట్లో జత కలిసిందనుకున్న జాకెట్టు ముక్క పెళ్లి పందిట్లో వేరుగా కనబడటం మనకి తెలిసిందే కదా, అదే ఇది.

ఇంకొకటి కోనసీమ తేమ. లోహపు భాగాలకి పాత పద్ధతి డ్యూకో కొడితే, థిన్నర్ ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీటి ఆవిరి రంగులోనే చిక్కుకుని, ఆరాక తెల్లగా పొగమంచు పట్టినట్టు కనబడుతుంది. అందుకే మేస్త్రీ పొద్దున్నే గన్ పట్టరు. పొద్దెక్కి గాలి పొడిబారే దాకా ఆగుతారు. వర్షాకాలంలో థిన్నర్ నెమ్మదిగా ఆరేలా వేరే మందు కలుపుతారు. ఇది ఏ డబ్బా మీదా తెలుగులో రాసి ఉండదు.

1949లో అమెరికాలో ఎడ్ సీమోర్ అనే ఆయన రంగుని ఏరోసాల్ డబ్బాలో నింపాక, ఎవరైనా ఇంట్లోనే చల్లుకోవచ్చన్న నమ్మకం వచ్చింది. చిన్న మీటలకీ, కొక్కేలకీ ఆ డబ్బా చాలు. కానీ డబ్బా అయినా గన్ అయినా ఆ ఘాటు ఒకటే. రెండు డబ్బాలు కలిపి వేసే కొత్త రకం రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం పట్టుకుంటుంది. గుడ్డ కట్టుకుంటే ఆగవు. మేస్త్రీ మాట్లాడేటప్పుడు మధ్యలో చాలాసార్లు దగ్గారు. కార్లకి పాత రూపం తెప్పించే ఈ సరదాలో ఖర్చు లెక్క రాసుకుంటే ఆ దగ్గు కూడా రాసుకోవాలి.

ఎవరి అసలు రూపం

పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో టూరిన్ చార్టర్ అనే పత్రాన్ని ఆమోదించింది. పాత కట్టడాల విషయంలో పాటించే నీతినే కార్లకీ చెప్పింది. వీలైనంత వరకు ఉన్నదాన్ని కాపాడండి, తప్పనిసరైతేనే బాగుచేయండి, చేసింది రాసిపెట్టండి, వయసు మచ్చలకీ విలువ ఉంది అని దాని సారాంశం.

నేను ఇదంతా ఆ మనవడికి చెప్పాను. కుడివైపు ముందు డోర్ ప్యాడ్‌కి రంగు వేయొద్దని అడిగాను. దాని మీద మోచెయ్యి ఆనేచోట రెక్సిన్ అరిగి కింద గుడ్డ బయటపడింది. ముప్పై ఏళ్ల మోచెయ్యి అది. కారు కొన్న తేదీకి కాగితం ఉంది, కామందు గారి పేరుకి ఆర్సీ పుస్తకం ఉంది. కారు నడిపిన మనిషికి ఆ అరుగుదల తప్ప వేరే దస్తావేజు లేదు.

ఆయన వెంటనే కాదనలేదు. కాసేపాగి అన్నాడు: "అది నిజమేనండి. కానీ దసరాకి మీ తాతగారు ఈ కారు ఎలా తుడిచేవారో నాకు గుర్తుంది. ఎక్కడైనా గీత పడితే ఆయనే టచప్ చేయించేవారు. చిరిగిన ప్యాడ్ ఇలా చూపిస్తున్నామంటే ఆయన ఒప్పుకునేవారా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర సులువైన జవాబు లేదు. తాత ఒప్పుకునేవాడు కాడు. మరక ఆయనకి చరిత్ర కాదు, పని సరిగా చేయలేదన్న మాట పడటం. తను నడిపే బండి మెరవడం ఆయన పరువు. ఆ పరువుని పక్కనపెట్టి ఆయన మోచేతి గుర్తుని నేను మ్యూజియం వస్తువులా చూస్తే, అది కూడా ఆయన్ని అడక్కుండా తీసుకున్న నిర్ణయమే. ఇంకోవైపు, మెరిపించడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగంలో తన గుర్తుల్ని తనే తుడుచుకోవడం ఒక భాగం. ఆయన ఇష్టానికీ, ఆయన్ని అలా ఇష్టపడేలా చేసిన ఏర్పాటుకీ మధ్య గీత ఎక్కడుందో ఈనాడు నేను కూర్చుని తేల్చలేను.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. సీట్లకీ, మిగతా మూడు తలుపులకీ లేత ఆకుపచ్చ. రెక్సిన్ ఎండిపోయి పగుళ్లొచ్చిన చోట కొత్తది కుట్టించక తప్పదు, ఎందుకంటే పీవీసీని మెత్తగా ఉంచే నూనెలు ఏళ్ల తరబడి ఆవిరైపోతే తిరిగి నింపలేం. డాష్‌బోర్డు మూల రుద్దిన ఆ వలయాల మచ్చని అలాగే ఉంచి, పైన పారదర్శకమైన పూత వేయాలి. కుడి ముందు తలుపు ప్యాడ్‌ని కడిగి, చిరుగు పెరగకుండా వెనక నుంచి గుడ్డ అతికించి, రంగు వేయకుండా బిగించాలి. కలిపిన రంగు పాళ్లు, తేదీ, మేస్త్రీ పేరు ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టాలి. ఆ కాగితంలో ఇంకో వాక్యం కూడా రాయించాను. ఈ కారుని ఎవరు, ఏ ఏళ్లలో నడిపారో అందులో ఉంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. ఇకపై ఉన్నవి తగ్గడమే గానీ పెరగడం ఉండదు. కోనసీమ పాకల్లో, కొబ్బరి మట్టల కింద ఇలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో దేనికైనా మీరు రంగు వేయించబోతుంటే వద్దని చెప్పను. ముందు సీటు కింద ఒకసారి చూడండి, ఫోటోలు తీసుకోండి, ఆ కారు తుడిచినవాళ్ల ఇంట్లో ఎవరైనా ఉంటే వెళ్లి అడగండి. గన్ పట్టాక అడగడానికి ఏమీ మిగలదు.